నీళ్లు పోయని ఏడుపు

రూప్లి ఏడిస్తే తండా మొత్తం ఏడ్చేది. ఆమె నా తోటికోడలు కాబట్టి పొగుడుతున్నానని అనుకోవద్దు. నలభై ఏళ్లు ఒకే వాకిట్లో ఉన్నవాళ్లం. ఆమె వండిన పప్పులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. వాకిలి ఊడ్చి చెత్త నా గుమ్మం వైపే తోసేది. గొంతు దగ్గర మాత్రం నేను ఆమెకు సాటి రాను. ఈ మాట ఆమె ముందు ఒక్కనాడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదవడం ఆమెకు రాదు కాబట్టి.

మాది తల్లాడ దాటి అడవి వైపు వెళ్తే గుట్ట కింద ముప్పై ఇళ్ల లంబాడీ తండా. మా ఆడవాళ్లలో ఒక పద్ధతి ఉంది. చావు జరిగాక మొదటిసారి కలిసిన ఆడమనిషి మెడ చుట్టూ చేతులు వేసి, రాగం తీసి, మాటలు కట్టి ఏడుస్తాం. పోయినవాళ్లు ఎట్లా పుట్టారు, ఎట్లా పెరిగారు, వాళ్లకు మనం చేసిన అన్యాయం ఏమిటి, అన్నీ ఆ రాగంలో చెప్పుకోవాలి. మగవాళ్లు అప్పుడు వాకిలి దాటి బయటికి పోతారు. వినరు. చివరికి పక్కనున్న ఒకామె చెంబుతో నీళ్లు పోసి, "చాలు, కడుక్కో" అనాలి. ఏడ్చినామె ముఖం కడుక్కుంటుంది. ఆ నీళ్లతో ఆ మాటలు కూడా పోయినట్టే. తర్వాత ఎంత పెద్ద కొట్లాటలో అయినా వాటిని ఎవరూ ఎత్తకూడదు. నా నోరు ఎట్లాంటిదో తండాకు తెలుసు. నేను కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

రూప్లి పదిహేనేళ్లకు మా మరిది పెళ్లాంగా వచ్చింది. ముప్పై ఏళ్లు నిండకుండానే మా మరిది ట్రాక్టరు మీద నుంచి పడి పోయాడు. మిగిలింది ఒక్క కూతురు మోతీ, రెండెకరాల పత్తిచేను. కూతురిని పదో తరగతి దాకా చదివించింది. జైరాంకిచ్చి పెళ్లి చేసింది. జైరాం కొత్తగూడెం దగ్గర బొగ్గు గనిలో లారీ నడుపుతాడు. అక్కడ ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు, శనివారం శనివారం వచ్చేవాడు. మోతీ, ఆమె బిడ్డ దీపిక రూప్లి దగ్గరే ఉండేవాళ్లు.

ఇక భార్గవి. ముదిగొండ వైపు ఒక పంతులుగారి కూతురు. హైదరాబాదులో పెద్ద చదువులు చెబుతుంది. ఏడేళ్ల కింద మా పాటల మీద పరిశోధన అంటూ వచ్చింది. మొదటి రోజే నేను అడిగాను.

"మా పాటలతోని నీకేం పని బిడ్డా? మీ ఇంట్ల పాటల్లేవా?"

"ఉన్నయి పెద్దమ్మా. మీయంత మంచిగ లేవు," అంది నవ్వుతూ.

మాట నేర్చిన పిల్లే అనుకున్నాను. నెలకు నాలుగు రోజులు వచ్చి ఉండేది. జొన్నరొట్టె చేయడం నేర్చుకుంది, అదీ భూపటంలా. లంబాడీ నేర్చుకుంది. ఆమె మాట్లాడుతుంటే మేకలు కూడా తలతిప్పి చూసేవి. అయినా వదల్లేదు. రూప్లిని "యాడీ" అని పిలిచేది, అంటే మా భాషలో అమ్మ. సబ్బుబిళ్లంత పెట్టె ఒకటి మంచం మీద పెట్టి మా పాటలన్నీ దాంట్లోకి ఎక్కించుకునేది. పాడినవన్నీ వాడుకోవచ్చని కాగితం మీద రూప్లి వేలిముద్ర వేసింది. నేను సంతకం పెట్టాను. రాత్రిబడిలో మూడో పుస్తకం దాకా చదివిన దాన్ని, నాకు వేలిముద్ర ఏం ఖర్మ.

ఒక చలికాలం భార్గవి తన స్నేహితురాలిని తీసుకొచ్చింది. ఇంగ్రిడ్ అట, జర్మనీ దేశంలో ప్రొఫెసరట. నా వయసే ఉంటుంది, మనిషి మాత్రం మా గుంజంత పొడుగు. వచ్చీ రాగానే గుమ్మానికి తల కొట్టుకుంది. రూప్లి నవ్వుతూ ఆమె నుదుటికి పసుపు అద్దింది. ఒక్క మాట తెలియకుండానే ఇద్దరూ రెండు రోజులు పక్కపక్కన కూర్చున్నారు. రూప్లి అద్దాల పని కుట్టిన సంచి ఇచ్చింది. ఆమె వెళ్లాక అక్కడి నుంచి ఉన్ని శాలువా పంపింది, మన ఖమ్మం ఎండలకు. రూప్లి దాన్ని కోడి పొదిగే గంపలో పరిచింది. "జర్మనీ కోళ్లు పుడ్తయేమో చూద్దాం," అన్నాను నేను. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మూడేళ్ల కింద పత్తి ఏరే కాలంలో మోతీ పోయింది. చేనులో పడిపోతే ఆటోలో వేసుకుని ఖమ్మం పెద్ద దవాఖానాకు పోయాం. మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు. రెండు రోజులు అంతే. ఇరవై ఆరేళ్లు. దీపికకు అప్పుడు ఐదేళ్లు. చేనులో ఉన్నట్టుండి జ్వరం వచ్చిందని జైరాంకు చెప్పాం. అందరం అదే చెప్పాం.

భార్గవి నెల తర్వాత వచ్చింది. రూప్లి చేనుకు పోయి ఉంది. ఆమె వచ్చేదాకా ఊరికే ఎందుకని నేను పెళ్లిపాటలు పాడుతుంటే భార్గవి ఆ పెట్టెలోకి ఎక్కించుకుంటోంది. అంతలో రూప్లి వాకిట్లోకి వచ్చింది. భార్గవిని చూసి గడ్డిమోపు పడేసి మెడ పట్టుకుంది.

ఆ రోజు రూప్లి ఏడ్చినట్టు నా బతుకులో ఎవరూ ఏడవగా వినలేదు.

"ఒళ్లు కాలుతుందని నా చెయ్యి నీ నుదుటి మీద పెట్టుకుంటివి మోతీ. పనిదొంగవని అంటిని. పత్తి రాలిపోతుందని నిన్ను చేనుకు తోలితిని. సంచి నీ నడుముకు నేనే కడ్తిని, నేనే ముడేస్తిని. పొద్దుగూకే దాక తిరిగి చూడకపోతిని. నా కడుపు పంటను నా పత్తిపంటకు ఇచ్చుకుంటిని."

అప్పటిదాకా నాకు కూడా ఆ సంగతి తెలియదు. భార్గవి కూడా ఏడ్చింది. ఏడ్వడం దానికి రాదు, ఎక్కిళ్లు పెట్టింది. నేను చెంబు తెచ్చి రూప్లి దోసిట్లో నీళ్లు పోసి, "చాలు చెల్లె, కడుక్కో," అన్నాను. కడుక్కుంది. అయిపోయింది.

మంచం మీద పెట్టెకు ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. నేను చూశాను. అది ఆపాలన్న ఆలోచన నాకు రాలేదు. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఈ ఏడాది ఎండాకాలంలో భార్గవి విదేశాలకు పోయింది. మూడు దేశాలు, ఆరు ఊళ్లు, ఊరికొక ఉపన్యాసం. అక్కడి చదువుకున్నవాళ్లు పిలిపించుకున్నారు. అన్నిటికంటే ముందు ఇంగ్రిడ్ ఊరు. పోయే ముందు తండాకు వచ్చి రూప్లి కాళ్లకు దండం పెట్టింది.

"నీ పేరు చెప్తా యాడీ ప్రతి ఊళ్లె. నీ గొంతు వినిపిస్తా."

"నా గొంతేం గొంతు, మా అక్కను తోల్కపో," అంది రూప్లి నన్ను ఎగతాళిగా చూస్తూ.

"నేనొస్తే ఆ గుంజమ్మను వంగి నడువుమని తిడ్త," అన్నాను. ముగ్గురం నవ్వాం.

వారం తర్వాత సాయంత్రం పూట నా ఫోన్‌కు వీడియో కాల్ వచ్చింది. నేనే ఎత్తాను. దాంట్లో పెద్ద హాలు, మెట్లు మెట్లుగా కుర్చీలు, నిండా జనం. ముందు వరసలో ఇంగ్రిడ్, ఒళ్లో రూప్లి కుట్టిన సంచి. భార్గవి ముఖం వెలిగిపోతోంది. "యాడీ, చూడు, వీళ్లందరూ నీకోసమే వచ్చిన్రు," అని ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టి వెళ్లింది.

రూప్లి సిగ్గుతో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. హాల్లో రూప్లి గొంతు మొదలైంది. మొదటి రాగానికే నాకు తెలిసిపోయింది. రూప్లికి ఇంకా ముందే తెలిసింది. కొంగు జారిపోయింది, పట్టుకోలేదు.

ఒళ్లు కాలుతుందని నా చెయ్యి నీ నుదుటి మీద పెట్టుకుంటివి మోతీ.

తెర మీద ఆ మాటల కింద ఇంగ్లీషు అక్షరాలు పోతున్నాయి. ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. గొంతు కడదాకా వచ్చింది, ఆగింది. చెంబు చప్పుడు లేదు. నా మాట లేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

రూప్లి నా వైపు తిరిగింది.

"అక్కా, నీళ్లేవి? నువ్వు పోసినవు గద?"

"పోసిన."

"మరేవి?"

మర్నాడు భార్గవికి నేనే ఫోన్ చేశాను. నీళ్లెక్కడ పోయాయని అడిగాను.

"పెద్దమ్మా, చెంబు చప్పుడు గట్టిగ వచ్చింది. ఏడుపు అయిపోయినంక ఉన్నదాన్ని కోసేసినం. పాట గద ముఖ్యం..." అని మధ్యలోనే ఆగిపోయింది. ఆగిన చోటే దానికి అర్థమైంది. చదువుకున్నది కదా, అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ముందే ఎందుకు కాలేదో నాకు ఈనాటికీ తెలియదు.

"ఏడేండ్లు తిరిగినవు. పద్ధతి నీకు నేనే జెప్పిన. రాసుకున్నవు గూడ. రాసుకున్న కాయితం ఏడ బెట్టినవ్?"

"నా పుస్తకంలనే ఉంది పెద్దమ్మా. దాని మీద ఒక పాఠం గూడ రాసిన."

పాఠం రాసిందట.

మిగిలిన ఊళ్లలో వినిపించనని ఒట్టు పెట్టుకుంది, ఆ మాట నిలబెట్టుకుంది. కానీ ఇంగ్రిడ్ వాళ్ల యూనివర్సిటీ ఆ ఉపన్యాసమంతా అప్పటికే ఇంటర్నెట్‌లో పెట్టింది. అంతకంటే పెద్ద ముచ్చట, ఉపన్యాసం అయిన రాత్రే భార్గవి సంతోషం పట్టలేక మా తండా వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో వేసింది. మన యాడీ గొంతు జర్మనీలో, అని రాసింది. మా పిల్లలు దండాల బొమ్మలు, పూల బొమ్మలు పెట్టారు. నేను గొంతు చించుకుంటే తీసేసింది. అప్పటికి అది తండా దాటిపోయింది.

ఇంటర్నెట్‌లో వీడియో కింద ఎంతమంది చూశారో అంకె ఉంటుంది. అంకెలు నాకు వచ్చు. సోమవారం నాలుగు వందలు దాటింది. బుధవారం తొమ్మిది వందలు. ఒక్కొక్కరికీ చెంబు పట్టుకుని ఎక్కడికి పోవాలి?

రూప్లి రెండే అడిగింది.

"జైరాం గా గ్రూపుల ఉన్నడా అక్కా?"

"ఉన్నడు."

"వాడు ఆడోళ్ల ఏడ్పు వినడు గద?"

"వినడు," అన్నాను. "మగోనికి గదేం పని." అన్నానే గాని నాకు నమ్మకం లేదు. ఆ వాకిట్లో జరిగే ఏడుపైతే లేచి బయటికి పోతాడు. ఫోన్‌లో వచ్చినదానికి ఎక్కడికని పోతాడు?

ఆ వారమంతా రూప్లి చేయని పని లేదు. దీపిక తల రెండుసార్లు దువ్వింది. బడి సంచి ఉతికింది. ఆ పిల్లకు ఎనిమిదేళ్లు, నానీ అని పిలిచే అమ్మమ్మ పక్కలో తప్ప ఎక్కడా పడుకోదు. రూప్లి శనివారానికి కోడిని కోద్దామంది. అల్లుడికి ఇష్టమని.

శనివారం పొద్దున జైరాం బండి వచ్చింది. కాళ్లు కడుక్కోలేదు. మంచినీళ్లు ఇస్తే తీసుకోలేదు. మంచం మీద ఫోన్ పెట్టి వేలితో నొక్కాడు. సంచి నీ నడుముకు నేనే కడ్తిని, అన్న చోటికి వచ్చాక ఆపాడు.

"నీ గొంతేనా అత్తా?"

"అవ్."

"జొరమున్నదని నీకు ఎరికేనా?"

రూప్లి అబద్ధం ఆడితే బాగుండునని కోరుకున్నాను. పప్పులో ఉప్పెక్కువైందంటే వందసార్లు కాదని దబాయించిన మనిషి.

"ఎరికే కొడుకా."

నేను మధ్యలోకి పోయాను. "ఏయ్ జైరాం, గా మాట అప్పుడే పోయింది. నా చేతులతోని నీళ్లు పోసిన. పోసినంక ఎత్తొద్దు. మన పద్ధతి నీకు దెల్వదా?"

జైరాం నా మీద గొంతు లేపలేదు. లేపితే నాలుగు దులిపేదాన్ని.

"మీకు పోసుకున్నరు పెద్దత్తా. నాకెవ్వరు పోసిన్రు?"

అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి నాకు. పంచాయితీలో సర్పంచునే నిలబెట్టి అడిగినదాన్ని. జైరాం ముందు నుంచి నేనే పక్కకు జరిగాను.

దీపిక బట్టలు ఒక సంచిలో పెట్టమన్నాడు. కొత్తగూడెంలో బడిలో వేస్తానన్నాడు. తన అక్క పూలి అక్కడే ఉంటుందట, ఆమె చూసుకుంటుందట. రూప్లి అడ్డం చెప్పలేదు. బట్టలు మడతపెట్టి తనే సంచిలో సర్దింది. సంచి మూతి బిగించి ముడి వేయబోయి ఆగింది. "నువ్వెయ్యి అక్కా," అని నాకు ఇచ్చింది.

దీపిక ఏడ్చింది, బండి దిగుతానంది. "నానీ, నువ్వు గూడ రా," అంది. రూప్లి గుంజ పట్టుకుని నిలబడింది. కోడి ఆ శాలువా మీదే కూర్చుని ఉంది, కోయలేదు.

ఆ తర్వాత తండాలో రెండు చావులు జరిగాయి. మొదట మా వెనకింటి చందూలాల్ తల్లి పోయినప్పుడు ఆడవాళ్లందరూ ఫోన్లు తీసి మిరపకాయల గంపలో వేసి, గంపను పశువుల కొట్టంలో పెట్టి వచ్చారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే. రూప్లి రాగం ఎత్తుతుందని అందరం చూశాం. చందూలాల్ పెళ్లాం వచ్చి మెడ పట్టుకుంది. రూప్లి ఆమె వీపు నిమిరింది, నోరు తెరవలేదు. నేనే ఎత్తాల్సి వచ్చింది. నా గొంతు ఎక్కడ విరగకూడదో అక్కడే విరిగింది. నలభై ఏళ్లు రాగం ఎత్తే ఆ చోటు కోసం ఆమె మీద అసూయపడ్డాను. అది నాకు ఇట్లా దొరికింది.

భార్గవి వానాకాలంలో తిరిగి వచ్చింది. హైదరాబాదులో దిగి తల్లిదండ్రుల దగ్గరికి కూడా పోకుండా నేరుగా తండాకు వచ్చింది. ఫోన్‌ను బస్‌స్టాండ్ దగ్గర దుకాణంలో ఇచ్చి వచ్చానని దూరం నుంచే చెప్పింది. వాకిట్లో దీపిక చెప్పులు లేకపోవడం చూసింది. ఫోన్‌లో నేను అన్నీ చెప్పాను, అయినా చెప్పుల కోసం వెతికింది. అప్పుడు రూప్లి మెడ పట్టుకుని మా లంబాడీలో, ఆ వంకర లంబాడీలో, మాటలు కట్టి ఏడ్చింది. ఈసారి ఎక్కిళ్లు కాదు. అమ్మా అని పిలిచిన నోటితో నిన్ను అమ్ముకున్నాను, అంది. నీ నీళ్లు నేనే కోసేశాను, అంది.

రూప్లి మాత్రం ఏడవలేదు. నేను చెంబు కోసం లేస్తే నా చేతిలోంచి తీసుకుని, తనే భార్గవి దోసిట్లో నీళ్లు పోసింది.

"చాలు బిడ్డా, కడుక్కో."

భార్గవి కడుక్కుంది. కాసేపయ్యాక చెప్పింది. ఆ వీడియో తీసేయమని ఉత్తరం రాసిందట, అక్కడ కమిటీ కూర్చుని తేల్చాలట, ఇంగ్రిడే ఆ కమిటీతో కొట్లాడుతోందట. తీసేసినా, దింపుకుని దాచుకున్నవాళ్ల దగ్గర ఉంటుందట. సంచిలోంచి ఒక ఫొటో తీసింది. ఇంగ్రిడ్ పంపింది. సంగతి తెలిసిన రోజు ఆమె తన క్లాసులో పిల్లలందరినీ నిలబెట్టి, బల్ల మీద గాజు గ్లాసులో నీళ్లు పెట్టి, రూప్లికి క్షమాపణ చెప్పిందట. ఫొటోలో ఆ గ్లాసు, పక్కన అద్దాల సంచి.

రూప్లి ఆ ఫొటోను అందుకుంది. వెలుతురుకు పట్టి చూసింది.

"మంచిదే పాపం," అంది. తర్వాత గ్లాసు మీద వేలు పెట్టి అడిగింది.

"ఈ నీళ్లతోని మొఖం ఎవరు కడుక్కున్నరు?"

నేను చెంబులో మిగిలిన నీళ్లను చూశాను. ఆ నీళ్లు నా చెల్లెలి దోసిట్లో పోద్దామని చెంబు ఎత్తాను. ఆమె చేతులు పట్టలేదు. ఫొటోను కొంగుతో తుడిచి, దీపిక పుస్తకాలు ఉండే గూట్లో పెట్టి, మేకలు తోలుకురావడానికి పోయింది.